మంచు వేదికపై ప్రసిద్ధులు: ఒక టెలివిజన్ పోటీరూపం చరిత్ర, తెలుగు తెరపై దాని విభజన

వ్యాససంగ్రహం

ప్రసిద్ధ వ్యక్తులు వృత్తి స్కేటర్లతో జతకట్టి మంచుపై నర్తిస్తూ పోటీపడే టెలివిజన్ కార్యక్రమాలు 2004–2006 మధ్య రూపుదిద్దుకొని అనేక దేశాలకు వ్యాపించాయి. తెలుగు టెలివిజన్‌లో ఈ రూపం వేళ్ళూనలేదు. మంచు లేకపోవడమే దీనికి కారణమన్న సులభమైన సమాధానం చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ పోటీరూపానికి ప్రసిద్ధి, అభ్యాసం, ద్వంద్వ తీర్పు అనే మూడు అంగాలున్నాయి. ఈ మూడూ తెలుగు తెరకు వచ్చాయి గాని, వేర్వేరు కార్యక్రమాలుగా విడిపోయి వచ్చాయి. ఈ విభజనకు మూలాలు టెలివిజన్‌కు ముందున్న తెలుగు రంగస్థల వ్యవస్థలో కనిపిస్తాయని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: టెలివిజన్ చరిత్ర, ఫిగర్ స్కేటింగ్, పోటీ కార్యక్రమాలు, పాడుతా తీయగా, బిగ్ బాస్, పద్యనాటకం, నాటక పరిషత్తులు, నెల్లూరు తీరం.

1. ప్రవేశిక

నెల్లూరు తీరంలో, గూడూరుకు సముద్రం వైపున కోట ఉంది. కోట, వాకాడు ప్రాంతపు తీరగ్రామాల్లో ఐసు అంటే చేపలు, రొయ్యలు చెడిపోకుండా పెట్టెల్లో పోసే ముక్కలు. దానిపై నిలబడి నాట్యం చేయవచ్చునన్న ఊహ ఇక్కడి జీవితంలోంచి పుట్టేది కాదు. అయినా ఇదే తీరంలోని ఇళ్ళలో మూడు దశాబ్దాలుగా పాటల పోటీలు, నాట్యపు పోటీలు, ప్రసిద్ధులను ఒక ఇంట్లో ఉంచి ఓట్లు అడిగే కార్యక్రమాలు ప్రసారమవుతున్నాయి. ఇవి పాశ్చాత్య కార్యక్రమాలకు అనుకరణలనే అభిప్రాయం తరచు వినిపిస్తుంది. అనుకరణ అయితే దేన్ని స్వీకరించారు, దేన్ని వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్న ప్రశ్నలు మిగులుతాయి. తెలుగు తెరకు రాని ఒక రూపాన్ని పరిశీలిస్తే, వచ్చిన రూపాల స్వభావం మరింత స్పష్టమవుతుంది. ప్రసిద్ధుల మంచు స్కేటింగ్ పోటీని ఇక్కడ ఆ దృష్టితోనే ఎంచుకోవడం జరిగింది.

2. మంచు క్రీడ నుంచి మంచు ప్రదర్శనకు

ఫిగర్ స్కేటింగ్ మొదటినుంచీ క్రీడకూ ప్రదర్శనకూ నడుమ నిలిచిన విద్య. నార్వేకు చెందిన సోన్యా హెనీ 1928, 1932, 1936 ఒలింపిక్ క్రీడల్లో వరుసగా స్వర్ణపతకాలు గెలిచి, 1936లోనే హాలీవుడ్ చిత్రం ‘వన్ ఇన్ ఎ మిలియన్’తో చలనచిత్ర తార అయింది. ఇక్కడ విద్య ముందు, ప్రసిద్ధి తరువాత. అదే కాలంలో అమెరికాలో ‘ఐస్ ఫాలీస్’, ‘ఐస్ కపేడ్స్’ వంటి సంచార ప్రదర్శన బృందాలు ఏర్పడి స్కేటింగ్‌ను టిక్కెట్టు కొని చూసే వినోదంగా మార్చాయి.

బ్రిటన్‌లో ఈ పరిణామానికి కేంద్రబిందువు జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ జంట. నాటింగ్‌హామ్‌కు చెందిన వీరిలో టోర్విల్ బీమా కార్యాలయంలో గుమస్తా, డీన్ పోలీసు ఉద్యోగి. 1984 ఫిబ్రవరి 14న సారయేవో ఒలింపిక్ క్రీడల్లో రవెల్ స్వరరచన ‘బొలేరో’కు వీరు చేసిన ఐస్ డాన్స్‌కు మొత్తం 12 సార్లు 6.0 మార్కులు వచ్చాయి. బ్రిటన్‌లో 2 కోట్లకు పైగా ప్రేక్షకులు దాన్ని టెలివిజన్‌లో చూశారు. అప్పటి పద్ధతిలో 6.0 పరిపూర్ణతకు గుర్తు. స్కేటింగ్ సాంకేతిక విషయాలు తెలియని సామాన్య ప్రేక్షకుడికి కూడా ఆ అంకె అర్థమైంది. తరువాతి చరిత్రలో ఈ అంకెకు ప్రత్యేక పాత్ర ఉంది.

3. పోటీరూపం స్థిరపడిన తీరు

బి.బి.సి. 2004 మే నెలలో ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’ను ప్రారంభించింది. ప్రసిద్ధ వ్యక్తి ఒకరు, వృత్తి నర్తకులు ఒకరు జంటగా బాల్‌రూమ్ నాట్యం చేయడం, న్యాయనిర్ణేతలు మార్కులు వేయడం, ప్రేక్షకులు ఫోనులో ఓటు వేయడం దీని పద్ధతి. ఆ సంవత్సరం డిసెంబరు 26న అదే సంస్థ ‘స్ట్రిక్ట్‌లీ ఐస్ డాన్సింగ్’ అనే ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రసారం చేసింది. ఫుట్‌బాల్ గోల్‌కీపర్ డేవిడ్ సీమన్ అందులో విజేత. నేలపై నడిచిన పద్ధతి మంచుపైనా నడుస్తుందని ఆ ఒక్క ప్రసారం రుజువు చేసింది.

ఐ.టి.వి. 2006 జనవరి 14న టోర్విల్, డీన్‌లను శిక్షకులుగా పెట్టి ‘డాన్సింగ్ ఆన్ ఐస్’ను ప్రారంభించింది. సీమన్ ఇందులోనూ పాల్గొన్నాడు. నటి గేనర్ ఫే తొలి విజేత. నాలుగు రోజుల తేడాతో అమెరికాలో ఫాక్స్ సంస్థ ‘స్కేటింగ్ విత్ సెలబ్రిటీస్’ను మొదలుపెట్టింది. నటి క్రిస్టీ స్వాన్సన్, కెనడా స్కేటర్ లాయిడ్ ఐస్లర్ జంట అందులో గెలిచింది. అది ఒక్క విడతతోనే ముగిసింది. అదే ఏడాది జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, రష్యా దేశాల్లోనూ ఇటువంటి కార్యక్రమాలు వచ్చాయి. రష్యాలో 2002 ఒలింపిక్ రజతపతక విజేత ఇల్యా అవెర్బుఖ్ వీటికి ప్రధాన నిర్వాహకుడయ్యాడు.

వ్యాప్తి వేగంగా జరిగినా ఫలితం అన్నిచోట్లా ఒకలా లేదు. అమెరికాలో ఎ.బి.సి. 2010 నవంబరులో చేసిన మరో ప్రయత్నం ‘స్కేటింగ్ విత్ ద స్టార్స్’ కూడా ఒక్క విడతకే పరిమితమైంది. కెనడాలో 2009లో మొదలైన ‘బ్యాటిల్ ఆఫ్ ద బ్లేడ్స్’ మాత్రం స్థానిక సంస్కృతిని ఆధారం చేసుకుంది. అక్కడ ఐస్ హాకీ ఆటగాళ్ళను ఫిగర్ స్కేటర్లతో జత చేశారు. మంచుపై జీవితమంతా గడిపినవారే నాట్యపు స్కేట్లు తొడగగానే కొత్త విద్యార్థులుగా మారడం కెనడా ప్రేక్షకులకు ఆసక్తి కలిగించింది. బ్రిటన్ కార్యక్రమం 2014లో ఆగి, 2018లో తిరిగి మొదలై, 2025 విడత వరకు సాగింది. 2026లో దాన్ని ప్రసారం చేయబోమని సంస్థ ప్రకటించింది.

4. మూడు అంగాలు

పై చరిత్రను బట్టి ఈ పోటీరూపానికి మూడు అంగాలున్నాయని చెప్పవచ్చు.

మొదటిది ప్రసిద్ధి. పోటీదారు ప్రేక్షకుడికి ముందే తెలిసిన వ్యక్తి.

రెండవది అభ్యాసం. ఆ వ్యక్తికి ఆ విద్య తెలియదు. కొన్ని వారాల్లో అందరూ చూస్తుండగా నేర్చుకోవాలి. మంచు ప్రత్యేకత ఇక్కడే ఉంది. నేలపై అడుగు తప్పితే కప్పిపుచ్చుకోవచ్చు. సుమారు 4 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు పలకపై, దాని రెండు అంచుల్లో ఒకదానిపై శరీరభారాన్ని నిలపాల్సిన చోట తప్పు దాగదు. పడిపోవడం అందరికీ కనిపిస్తుంది, గాయమూ నిజమైనదే. ప్రసిద్ధ వ్యక్తి హోదా మంచుపై ఏ రక్షణా ఇవ్వదు.

మూడవది ద్వంద్వ తీర్పు. విద్య తెలిసిన న్యాయనిర్ణేతల మార్కులు, విద్య తెలియని ప్రేక్షకుల ఓట్లు కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. బ్రిటన్ పద్ధతిలో అట్టడుగున నిలిచిన రెండు జంటలు మళ్ళీ స్కేటింగ్ చేయగా, ఎవరు మిగలాలో న్యాయనిర్ణేతలు తేల్చేవారు. అంటే జనాభిప్రాయం ప్రమాదంలోకి నెట్టిన వారిని నైపుణ్యం కాపాడుకునే అవకాశం ఉంది.

తీర్పు విషయంలో మరొక చారిత్రక అంశం గమనార్హం. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్ క్రీడల్లో జంటల స్కేటింగ్ తీర్పు వివాదమై, కెనడా జంటకు కూడా స్వర్ణం ఇవ్వవలసి వచ్చింది. దాని పర్యవసానంగా అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 6.0 పద్ధతిని విడిచి, ప్రతి గెంతుకూ భ్రమణానికీ విడివిడిగా విలువ కట్టే పద్ధతిని 2004లో స్వీకరించింది. సరిగ్గా క్రీడ 6.0ను వదులుకుంటున్న సమయంలో టెలివిజన్ దాన్ని ఎత్తుకుంది. ‘డాన్సింగ్ ఆన్ ఐస్’ తొలి విడతల్లో న్యాయనిర్ణేతలు 6.0 లోపే మార్కులు వేశారు. తరువాతి కాలంలోనే అది 10 మార్కుల పద్ధతికి మారింది. నిపుణులకు సరిపోని కొలమానం ప్రేక్షకులకు సరిపోయింది. 1984 నాటి జ్ఞాపకాన్ని కార్యక్రమం తన మూలధనంగా వాడుకుంది.

5. భారతీయ భాషల్లోకి

భారతదేశంలో మంచు స్కేటింగ్ పూర్తిగా కొత్త కాదు. సిమ్లాలో సహజంగా గడ్డకట్టే మంచు రింక్ 1920 నుంచి ఉంది. అయితే కృత్రిమ రింక్‌కు కాంక్రీటు కింద గొట్టాల్లో శీతల ద్రవం నిరంతరం ప్రవహించాలి, ఉపరితలం సున్నా కంటే కొన్ని డిగ్రీలు తక్కువలో ఉండాలి. ఉష్ణమండలంలో, స్టూడియో దీపాల కింద దీన్ని నిలపడం ఖరీదైన పని. హైదరాబాదులో 2004లో మొదలైన ‘స్నో వరల్డ్’ మంచును సందర్శకుల వినోదంగానే పరిచయం చేసింది.

అందువల్ల భారతీయ టెలివిజన్ మంచును వదిలి నేలను స్వీకరించింది. సోనీ ఛానల్ 2006 సెప్టెంబరులో బి.బి.సి. నాట్య కార్యక్రమం ఆధారంగా ‘ఝలక్ దిఖలా జా’ను హిందీలో ప్రారంభించింది. ప్రసిద్ధి, అభ్యాసం, ద్వంద్వ తీర్పు మూడూ అందులో కలిసే ఉన్నాయి. అదే ఛానల్ అదే ఏడాది నవంబరులో ‘బిగ్ బాస్’ను కూడా ప్రారంభించింది. హిందీ ప్రేక్షకులకు విద్య నేర్చుకునే ప్రసిద్ధుడు, కేవలం జీవించే ప్రసిద్ధుడు రెండు నెలల తేడాతో పరిచయమయ్యారు. తెలుగులో ఈ క్రమం వేరుగా సాగింది.

6. తెలుగు తెర: అంగాల విభజన

ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. ఇక్కడ పోటీదారులు అజ్ఞాతులు, ప్రసిద్ధుడు న్యాయపీఠంపై ఉన్నాడు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటి గాయకులు ఈ వేదిక ద్వారానే లోకానికి తెలిశారు. ఇందులో గురుస్థానంలో ఉన్నవారి తీర్పే ప్రధానం. పాటలో పలుకు ఎక్కడ తప్పింది, స్వరం ఎక్కడ జారింది, ఆ పాట వెనుక కవి, స్వరకర్త ఎవరు అన్నది విడమరచి చెప్పడం కార్యక్రమంలో విడదీయరాని భాగం. అభ్యాసం ఉంది, ప్రసిద్ధి చివరకు దక్కే ఫలం మాత్రమే.

2009లో ఈటీవీలోనే మొదలైన నాట్యపు పోటీ ‘ఢీ’ కూడా ఇదే మార్గంలో నడిచింది. నృత్యదర్శకుడిగా అందులో పోటీపడిన శేఖర్ తరువాత అదే కార్యక్రమంలో న్యాయనిర్ణేత అయ్యాడు. కింది నుంచి పైకి వెళ్ళే మెట్లు ఉన్నాయి గాని, పైనున్నవారు కిందికి దిగి విద్యార్థిగా నిలిచే ఏర్పాటు లేదు.

స్టార్ మా 2017 జులై 16న ‘బిగ్ బాస్’ను తెలుగులో ప్రారంభించింది. తొలి విడతకు జూనియర్ ఎన్.టి.ఆర్., రెండవదానికి నాని, 2019లో మూడవ విడత నుంచి నాగార్జున వ్యాఖ్యాతలు. శివబాలాజీ, కౌశల్, రాహుల్ సిప్లిగంజ్ తొలి మూడు విడతల విజేతలు. ఇక్కడ ప్రసిద్ధి ఉంది, ప్రేక్షకుల ఓటు ఉంది, నేర్చుకోవలసిన విద్య మాత్రం లేదు. ఓటుకు ఎదురుగా నిలిచే నైపుణ్యపు తీర్పు కూడా లేదు. రెండవ విడతలో కౌశల్ అభిమానులు తమను సైన్యంగా చెప్పుకొని ఓట్ల కోసం సంఘటితం కావడం ఈ ఏకపక్ష తీర్పు వ్యవస్థకు సహజ పరిణామం.

ఈ రెండు మార్గాల్లో సమానంగా కనిపించేది సినిమా కథానాయకుల స్థానం. వారు వ్యాఖ్యాతలుగా, న్యాయనిర్ణేతలుగా, ముఖ్య అతిథులుగా తెరపైకి వస్తారు గాని పోటీదారులుగా రారు. ప్రసిద్ధులు జంటలుగా నర్తించిన ‘నీతోనే డాన్స్’ స్టార్ మాలో 2023లో గాని రాలేదు. ‘ఝలక్ దిఖలా జా’ తరువాత ఇది 17 సంవత్సరాల ఆలస్యం. అందులోనూ పోటీదారుల స్థానంలో నిలిచినవారు ప్రధానంగా టెలివిజన్ రంగానికి చెందినవారు. తెలుగులో ‘సెలబ్రిటీ’ అనే మాట ఒక్కటే అయినా, అది రెండు అంతస్తులను సూచిస్తుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

7. రంగస్థలంలోని పూర్వరూపం

ఈ విభజన టెలివిజన్ సృష్టించింది కాదు. సినిమాకు ముందూ, సినిమాతో సమాంతరంగానూ ఆంధ్రతీరంలో రెండు రంగస్థల వ్యవస్థలు నడిచాయి.

ఒకటి పద్యనాటకం. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి నటుల పేరు వినే జనం బండ్లు కట్టుకొని వచ్చేవారు. పాత్ర కథ అందరికీ తెలిసినదే, పద్యం కూడా తెలిసినదే. ‘వన్స్ మోర్’ అన్న కేక అక్కడ తీర్పు. నచ్చిన పద్యాన్ని జనం మళ్ళీ పాడించుకునేవారు. నటుడు సిద్ధహస్తుడిగా రావాలి, నేర్చుకుంటూ కనిపించకూడదు. ప్రసిద్ధి, జనామోదం ఈ వ్యవస్థకు ఆధారాలు.

రెండవది పరిషత్తు. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని అనేక పట్టణాల పరిషత్తులు ఔత్సాహిక సమాజాలకు పోటీలు పెట్టి, నిపుణులైన న్యాయనిర్ణేతల ద్వారా బహుమతులు ఇచ్చాయి. అభ్యాసం, నిపుణుల తీర్పు ఈ వ్యవస్థకు ఆధారాలు. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు నాటకం సాధన చేసేవారు ఇందులో పోటీదారులు.

‘బిగ్ బాస్’ను పద్యనాటకంతో నాణ్యతలో పోల్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. తీర్పు ఎవరిది, పోటీదారు ఎవరు అన్న నిర్మాణం వరకే ఈ పోలిక. ఆ పరిధిలో ‘పాడుతా తీయగా’ పరిషత్తు మార్గానికీ, ‘బిగ్ బాస్’ జనామోద మార్గానికీ కొనసాగింపులు. ప్రసిద్ధుడు పరిషత్తు వేదికపై కొత్త విద్యార్థిగా నిలవడమన్న మూడవ మార్గానికి మన రంగస్థలంలో పూర్వరూపం బలంగా లేదు. మంచు స్కేటింగ్ పోటీ కోరేది సరిగ్గా ఆ మార్గాన్నే.

నెల్లూరు తీరపు ఒక జ్ఞాపకం ఈ సందర్భంలో విలువైనది. బాలసుబ్రహ్మణ్యం యువకుడిగా గూడూరులో జరిగిన ఒక పాటల పోటీలో పాల్గొన్నాడు. అతిథిగా వచ్చిన గాయని ఎస్. జానకి ఆయన ప్రతిభను గుర్తించి, సినిమాల్లో ప్రయత్నించమని ప్రోత్సహించింది. ఈ సంగతిని ఆయన కృతజ్ఞతతో పలుమార్లు చెప్పుకొన్నాడు. కోటకు చేరువలోని ఆ చిన్న పట్టణపు వేదిక మీద జరిగిందే మూడు దశాబ్దాల తరువాత ‘పాడుతా తీయగా’గా విస్తరించిందని చెప్పడం అతిశయోక్తి కాదు. అజ్ఞాతుడైన యువకుడు, ప్రసిద్ధురాలైన పెద్ద, ఒక మంచిమాట: ఈ మూడింటితో ఏర్పడిన నిర్మాణమే ఆ కార్యక్రమానిది. దాన్ని ఏ విదేశీ రూపానికో అనుకరణగా భావిస్తే ఈ స్థానిక చరిత్ర కనుమరుగవుతుంది.

8. మూడు అంగాలూ ఒకే వ్యక్తిలో

అద్దంకికి చెందిన గాయకుడు శ్రీరామచంద్ర ప్రస్థానం పై విశ్లేషణకు మంచి ఉదాహరణ. 2010లో ‘ఇండియన్ ఐడల్’ ఐదవ విడతలో విజేతగా ఆయన అభ్యాసం నుంచి ప్రసిద్ధికి చేరాడు. 2021లో తెలుగు ‘బిగ్ బాస్’ ఐదవ విడతలో ప్రసిద్ధుడిగా ప్రవేశించి మూడవ స్థానంలో నిలిచాడు. తరువాత ‘ఝలక్ దిఖలా జా’ పదకొండవ విడతలో నర్తకుడిగా శిక్షణ పొంది, 2024 మార్చిలో ముగిసిన తుదిపోటీ వరకు వెళ్ళాడు. గాయకుడిగా పేరుపొందిన తరువాత తనది కాని విద్యలో తిరిగి విద్యార్థి కావడం మంచు స్కేటింగ్ పోటీలకు ప్రాణమైన అంశం. ఆ అవకాశం ఆయనకు హిందీ తెరపై లభించిందన్నది గమనించదగినది.

9. తెరకు ఎక్కని స్కేటింగ్

తెలుగునేలపై స్కేటింగ్ విద్య లేదనడం కూడా సరికాదు. అది మంచుపై కాక చక్రాలపై ఉంది. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ వ్యక్తిగత విభాగంలోనూ, అవనీ పంచాల్‌తో కలిసి జంటల విభాగంలోనూ కాంస్యపతకాలు గెలిచాడు. 2015లో అర్జున పురస్కారం పొందాడు. గెంతులు, భ్రమణాలు, సంగీతానికి తగిన కూర్పు గల ఈ విద్య ఫిగర్ స్కేటింగ్‌కు అతి సన్నిహితం. దీనికి రింక్ కింద శీతల గొట్టాలు అక్కరలేదు, గట్టి నున్నని నేల చాలు. కనుక మంచు లేదన్న కారణం ఇక్కడ వర్తించదు.

బ్రిటన్‌లో టోర్విల్, డీన్‌ల విజయం టెలివిజన్ జ్ఞాపకంగా మారి, 22 సంవత్సరాల తరువాత ఒక కార్యక్రమానికి పునాది అయింది. అనూప్ పతకాలకు తెలుగు టెలివిజన్‌లో అటువంటి జ్ఞాపకం ఏర్పడలేదు. క్రీడాకారుడి విజయం ఒకరోజు వార్తగా మిగిలితే, ఆ విద్య నేర్చుకోవాలన్న కోరిక ప్రసిద్ధులకూ ప్రేక్షకులకూ కలగదు. శిక్షకుడికి గౌరవం ఉన్నచోటే విద్యార్థిగా నిలవడానికి ప్రసిద్ధుడు సిద్ధపడతాడు.

10. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

1. ప్రసిద్ధుల మంచు స్కేటింగ్ పోటీకి సారం మంచు కాదు. ప్రసిద్ధి, అభ్యాసం, ద్వంద్వ తీర్పుల కలయికే దాని సారం. మంచు ఆ కలయికను కప్పిపుచ్చడానికి వీల్లేనంత స్పష్టంగా చూపింది.

2. ఈ మూడు అంగాలూ తెలుగు టెలివిజన్‌లో ఉన్నాయి, కాని వేర్వేరు కార్యక్రమాల్లో ఉన్నాయి. అభ్యాసం, నిపుణుల తీర్పు ‘పాడుతా తీయగా’ మార్గంలోనూ, ప్రసిద్ధి, జనం ఓటు ‘బిగ్ బాస్’ మార్గంలోనూ చేరాయి.

3. ఈ విభజన పరిషత్తు, పద్యనాటకం అనే రెండు రంగస్థల వ్యవస్థల నిర్మాణాన్ని పోలి ఉంది. తెలుగు టెలివిజన్ చరిత్రను విదేశీ రూపాల అనుకరణగా మాత్రమే గాక, స్థానిక వేదికల కొనసాగింపుగా కూడా చదవవలసి ఉంది. గూడూరు వంటి చిన్న పట్టణాల పోటీవేదికలు ఈ అధ్యయనానికి ముఖ్యమైన ఆధారభూమి.

4. పెద్ద పేరున్నవారు తెలియని విద్య ముందు తలవంచి, పడి, లేచి నేర్చుకోవడాన్ని చూపే అవకాశం మన తెరపై అరుదు. తప్పు చేయడం చిన్నవారి వంతు, తప్పు చెప్పడం పెద్దవారి వంతు అన్న భావన దీనివల్ల బలపడుతుంది. టెలివిజన్ ద్వారా విద్య పట్ల ఏర్పడే సామాజిక దృక్పథాన్ని పరిశోధించేవారు ఈ లోటును పరిగణనలోకి తీసుకోవాలి.

కోట తీరంలో ఐసు ఇకముందు కూడా చేపల పెట్టెల్లోనే ఉండవచ్చు. దానివల్ల ఏ నష్టమూ లేదు. నేర్చుకోవడంలో హోదాను పక్కన పెట్టే వేదిక మన తెరపై లేకపోవడం మాత్రం మంచు కొరతతో సమర్థించుకోదగిన లోటు కాదు.